ఎవరికి తగిన వ్యాయామం వారికి
శ్రీ తిరుమలై కృష్ణమాచార్యులవారి జీవితం

మన కోవిల్‌పట్టి, విరుదునగరం తెలుగు కుటుంబాలు ఉగాదినాడు ఒకచోట చేరినప్పుడు పిల్లలకు పరుగు పందాలు, యువకులకు తాడు లాగుడు పోటీలు పెట్టుకోవడం ఆనవాయితీ. పెద్దలు మాత్రం గోడవార వేసిన కుర్చీలలో కూర్చుండి చూస్తారు. మోకాళ్ళ నొప్పుల అత్తయ్యలు, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి స్వాధీనంలో లేని బాబాయిలు, చిన్ననాడే కాలు చచ్చుబడిన పిల్లలు, వీరందరి స్థానమూ ఆ కుర్చీలలోనే. వ్యాయామమనేది గట్టివారి సొత్తనీ, తమకు మిగిలింది మాత్రలూ, నూనె మర్దనాలేననీ వీరిలో చాలమంది నమ్మకం. ఆ నమ్మకం సరికాదని నూరేండ్ల జీవితంతో చూపించిన ఒక తెలుగింటి బిడ్డను గురించి ఈ సంచికలో కొంత వ్రాయాలని నా కోరిక. ఆయన పేరు తిరుమలై కృష్ణమాచార్యులు. ప్రపంచమంతటా నేడు యోగాసనాలు నేర్పుతున్నవారిలో చాలమంది గురుపరంపరను వెనుకకు లెక్కపెట్టుకుంటూ పోతే చివరకు ఆయన వాకిలి ముందే నిలబడతారు.

1888వ సంవత్సరం నవంబరు 18వ తేదీన మైసూరు సంస్థానంలోని చిత్రదుర్గం జిల్లా ముచుకుందపురంలో ఆయన జన్మించారు. మనవలెనే ఆయనదీ తెలుగునేలకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబం, వైష్ణవులు, అయ్యంగార్లు. తండ్రి శ్రీనివాస తాతాచార్యులు వేదపండితులు, తల్లి రంగనాయకమ్మగారు. తొమ్మిదవ శతాబ్దపు వైష్ణవాచార్యులైన నాథమునుల వంశంవారమని ఆ యింటివారు చెప్పుకునేవారు. కుమారునికి తొలి గురువు తండ్రే. చదువూ, ఆసనాలూ, ప్రాణాయామమూ యింట్లోనే మొదలైనవి. కాని బాలునికి పదేండ్ల ప్రాయం వచ్చేసరికి తండ్రి పోయారు. కుటుంబం మైసూరు చేరింది. అక్కడి పరకాల మఠాధిపతి వీరికి ముత్తాత వరుస. ఆ మఠంలోనూ, రాజుగారి సంస్కృత పాఠశాలలోనూ బాలుని చదువు సాగింది.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఒకటి వుంది. పదహారేండ్ల వయస్సులో కృష్ణమాచార్యులు ఆళ్వారు తిరునగరికి యాత్ర వచ్చారు. కోవిల్‌పట్టివారికి ఆ వూరు పరాయిది కాదు. మన తూత్తుకుడి జిల్లాలోనే, తిరునెల్వేలినుంచి తిరుచ్చెందూరు పోయే దారిలో, తామ్రపర్ణి వొడ్డున వుంది. నమ్మాళ్వారు కూర్చున్న చింతచెట్టును చూపించే గుడి అదే. మరుగునపడిన నాలాయిర దివ్యప్రబంధాన్ని నాథమునులు నమ్మాళ్వారి అనుగ్రహంతో తిరిగి సంపాదించింది కూడా అక్కడేనని వైష్ణవుల సంప్రదాయం. గుడి ముందు కనిపించిన ఒక వృద్ధుడు దారి చూపగా కుర్రవాడు ఒక మామిడితోపునకు వెళ్ళి, ఆకలితో, అలసటతో స్పృహ తప్పి పడిపోయాడట. ఆ మైకంలో నాథమునులు ప్రత్యక్షమై, ఎప్పుడో నష్టమైపోయిన యోగరహస్యమనే గ్రంథాన్ని వినిపించారనీ, కళ్ళు తెరచేసరికి తోపూ లేదు, పెద్దలూ లేరు, శ్లోకాలు మాత్రం మనస్సులో నిలిచినవనీ కృష్ణమాచార్యులు జీవితాంతం చెప్పేవారు. ఆ శ్లోకాలు ఆయన స్వంత రచనే అయివుంటాయని నేటి పరిశోధకులు కొందరి అభిప్రాయం. ఎవరి విశ్వాసం వారిది. నా మట్టుకు నాకు ముఖ్యమనిపించేది ఆ గ్రంథంలోని విషయం. గర్భిణులు ఏది చేయవచ్చు, ఏది మానాలి, బాల్యంలో తగినది నడివయస్సులో ఎందుకు తగదు, వృద్ధులకూ రోగులకూ ఎట్లా మార్చి చెప్పాలి అన్న విచారం అందులో కనిపిస్తుంది. శాస్త్రం ఒక్కటే అయినా దానిని అందుకునే దేహాలు ఒక్కటి కావన్న మాట ఆయన మనస్సులో చిన్ననాడే పడింది.

పిమ్మట కాశీలోనూ, ఇతర విద్యాస్థానాలలోనూ వ్యాకరణ, తర్క, మీమాంసాది శాస్త్రాలు చదివి పట్టాలు పొందారు. అటుపైన హిమాలయాలు దాటి మానససరోవర ప్రాంతంలో రామమోహన బ్రహ్మచారి అనే గురువువద్ద ఏడున్నరేండ్లు యోగాభ్యాసం చేశానని చెప్పేవారు. చదువు ముగిశాక గురువు అడిగిన దక్షిణ ధనం కాదు. దేశానికి తిరిగిపోయి, పెండ్లి చేసుకుని, గృహస్థుగా వుంటూ యోగం బోధించమన్నారట. కాషాయం కట్టివుంటే పల్లకీలూ పాదపూజలూ దొరికేవి. గృహస్థునికి దొరికింది దారిద్ర్యం. 1925లో నామగిరియమ్మను వివాహమాడిన తరువాత కొంతకాలం హసన్ జిల్లాలో ఒక కాఫీ తోటలో కూలీలమీద మేస్త్రీగా పనిచేశారు. షడ్దర్శనాలు చదివిన పండితుడు చేతిలో బెత్తం పట్టుకుని పొట్టి లాగుతో తోటలో తిరిగాడంటే, పొట్టకూటికి వూరు విడిచి వచ్చిన మనవాళ్ళకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆయనను ఆదరించిన తరువాత రోజులు మారినవి. మహారాజు స్వయంగా శిష్యులైనారు. 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో ఒక భాగాన్ని యోగశాలకు ఇచ్చారు. 1934లో కన్నడంలో యోగమకరందం అచ్చయింది. ఆ కాలంలో యోగమంటే జనానికి గౌరవం లేదు, బైరాగుల గారడీ అనుకునేవారు. అందుచేత ఆచార్యులవారు వూరూరా సభలుపెట్టి నాడి కొట్టుకోవడం ఆపి చూపేవారు, కదిలే కార్లను చేతులతో నిలిపేవారు, బరువులను పండ్లతో ఎత్తేవారు. మన కోడి రామమూర్తినాయుడుగారి ప్రదర్శనలను గురించి విన్నవారికి ఇది కొత్తగా తోచదు. కాలం అటువంటిది. కండబలం చూపిస్తేగాని జనం చెవి ఒగ్గేవారు కారు.

యోగశాలలో చేరినవారు ఎక్కువగా రాజబంధువుల పిల్లలూ, పాఠశాల విద్యార్థులూను. పదీ పదిహేనేండ్ల కుర్రవాళ్ళు, ఒకచోట నిలవరు. వారికి తగినట్లు ఎగరడం, దూకడం, ఒక ఆసనంనుంచి మరొకదానికి వూపిరితో పాటు వరుసగా సాగిపోవడం ఆయన నేర్పారు. ఆ వరుసనే శిష్యుడు పట్టాభి జోయిస్ మైసూరులో నిలబెట్టి, తరువాత ప్రపంచమంతా పాకించారు. ఉరికే పిల్లలకోసం కూర్చిన పాఠాన్ని నేడు నలభైయేండ్ల గుమాస్తాలు కూడా యథాతథంగా చేయబోయి నడుము పట్టుకుంటున్నారంటే తప్పు పాఠానిది కాదు.

అయితే గురువుగారినుంచి కూడా పొరపాట్లు జరగకపోలేదు. ఆ రోజులలో ఆయన మహా కోపిష్ఠి. ఎదురుగా రావడానికే జనం జంకేవారని శిష్యులు వ్రాశారు. నామగిరియమ్మ తమ్ముడు సుందరరాజ 1934లో అక్కగారి యింటికి వచ్చాడు. 1918నాటి ఇన్‌ఫ్లూయెంజా రోజులలో పుట్టి, క్షయ, టైఫాయిడు, మలేరియాలతో చిక్కి శల్యమైన పిల్లవాడు. అటువంటివానిని ఒకనాడు సభలో, ముందు ఎన్నడూ నేర్పని హనుమానాసనం వెయ్యమని ఆజ్ఞాపించారు. ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనుకకూ నేలకు చాచే ఆసనమది. చెప్పినట్లు చేసిన కుర్రవాని తొడనరం చినిగిపోయి చాలకాలం నడవలేకపోయాడు. ఆ పిల్లవాడే తరువాత ప్రపంచప్రసిద్ధి పొందిన బి.కె.యస్. అయ్యంగారు. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నారు. మహనీయుల చరిత్రలలో ఇటువంటివి వదిలివేయడం మన అలవాటు. నేను వదలలేకున్నాను. ఎందుకంటే ఎవరికి తగినది వారికి చెప్పాలన్న మాట శ్లోకంలో చదివితే వచ్చేది కాదు. మనిషి ఎదుట మనిషి కూర్చున్నప్పుడు, ఏండ్ల తరబడిగాని రాదు. గురువుకూ అంతే. ఆ గాయపడిన శిష్యుడే పూనాలో పాఠశాల పెట్టి, చేయి నేలకు ఆననివారికి చెక్క ఇటికెలు, కాలు అందనివారికి పట్టీలు, నిలబడలేనివారికి గోడ తాళ్ళూ, కుర్చీలూ కనిపెట్టారు. నొప్పి తెలిసినవానికే ఆ వుపాయం తోస్తుందేమో!

మైసూరు రోజులలోనే ఆచార్యులవారిలో రెండవ వైపు కూడా కనిపించేది. యోగశాలలో పిల్లలను ఉరికించిన ఆయనే రోగులను మాత్రం విడిగా, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చూచేవారు. భార్యకూ, కుమార్తెలకూ ఆసనాలు నేర్పారు. ఆడవారికి యోగంలో అధికారం లేదన్న మాటను ఆయన అంగీకరించలేదు. 1937లో ఇంద్రాదేవి అనే యూరోపియను వనిత శిష్యురాలినవుతానని వస్తే మొదట పొమ్మన్నారు. మహారాజు చెప్పిన మీదట, అయిష్టంగానే చేర్చుకుని, కఠిన నియమాలు పెట్టారు. ఆమె అన్నింటికీ నిలబడింది. చివరకు ఆయనే ఆమెను కూర్చోబెట్టి, నీవు కూడా బోధించవలెనని పాఠం పూర్తిగా అప్పగించారు. ఆమె షాంఘైలోనూ, ఆ పిమ్మట అమెరికాలో హాలీవుడ్‌లోనూ యోగపాఠాలు చెప్పింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, సంస్థానాలు పోయినవి. రాజపోషణ లేని యోగశాల 1950లో మూతపడింది. అరవై దాటిన వయస్సులో, పెద్ద కుటుంబంతో ఆచార్యులవారు మళ్ళీ జీవనోపాధి వెదుకుకోవలసివచ్చింది. 1952లో మద్రాసులో పక్షవాతం వచ్చిన ఒక ప్రముఖ న్యాయవాదికి చికిత్స చేయడానికి పిలుపు వస్తే వెళ్ళారు. అక్కడే స్థిరపడ్డారు. మైసూరులో ఎదుట నిలిచినవారు ఉరికే పిల్లలు. మద్రాసులో వచ్చినవారు చక్కెర వ్యాధివారు, వుబ్బసంవారు, నిద్రపట్టనివారు, నడుమునొప్పి గృహిణులు. ఆచార్యులవారి విద్య పండినది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఆయన పద్ధతి ఎట్టిదో కొంచెం వివరంగా చెప్పుకుందాం. వచ్చినవారిని ముందు చూచేవారు. నాడి పట్టేవారు, నడకా, చర్మమూ, కంఠధ్వనీ, అన్నిటికంటె వూపిరినీ గమనించేవారు. ఏమి తింటారు, ఏ పని చేస్తారు, ఇంట్లో ఎవరున్నారు అని అడిగేవారు. ఆ తరువాతనే పాఠం. నలుగురినీ వరుసగా నిలబెట్టి ఒకే పాఠం చెప్పడం మద్రాసులో లేదు. ఒక మనిషి, ఒక గురువు.

ఉదాహరణకు చేతులెత్తడమనే అతి సులభమైన వ్యాయామం తీసుకోండి. గట్టివాడు నిటారుగా నిలబడి, గాలి పీలుస్తూ రెండు చేతులూ ముందునుంచి పైకెత్తి, వదులుతూ దించుతాడు. నిలబడలేని వారు కుర్చీలో కూర్చుని అదే చేయవచ్చు. కూర్చోలేని వారు మంచంమీద వెల్లకిల పడుకుని, చేతులను తలవెనుకకు తీసుకుపోవచ్చు. భుజం పట్టేసినవారు మోచేయి వంచి, ఎంతవరకు వస్తే అంతవరకే ఎత్తాలి. ఒక చెయ్యి స్వాధీనంలో లేకపోతే రెండవ చేతితో దాని మణికట్టు పట్టుకుని నెమ్మదిగా లేపాలి. ఏదీ కదలనివారు కూడా వూపిరిని నిదానంగా పీల్చి వదలవచ్చు, వదిలేటప్పుడు ఒక నామం పలకవచ్చు. పైకి చూస్తే ఆరు వ్యాయామాలు, నిజానికి ఒక్కటే. అన్నింటిలోనూ ముందు వూపిరి మొదలవుతుంది, దానివెంట చెయ్యి కదులుతుంది. చెయ్యి ఆగిన తరువాత వూపిరి ఆగుతుంది. ఆచార్యులవారి విద్యకు ఆయువుపట్టు ఇదే. ఎంత చేయాలన్నదానికి కొలత కూడా వూపిరే. అది తెగిపోతున్నా, నోటితో ఎగశ్వాస వస్తున్నా, ఆనాటికి అక్కడ ఆపవలసిందే. పక్కవాడు ఎంత వంగాడన్నది లెక్కలోకి రాదు.

ముందుకు వంగడమూ అంతే. పిల్లవాడు మోకాళ్ళు నిటారుగా వుంచి తల ఆనిస్తాడు. నడుము బిగుసుకున్నవారు మోకాళ్ళు కొంచెం వంచుకుని, చేయి అందిన చోట పట్టుకుంటే చాలును. మరీ నొప్పివుంటే వెల్లకిల పడుకుని, గాలి వదులుతూ మోకాళ్ళను ఛాతీవైపు తెచ్చుకోవడం దానికి బదులు. వెనుకకు వంగినవారు ఆ తరువాత తప్పక ముందుకు వంగి నడుమును సమం చేసుకోవాలి. ప్రతి చేతకూ ఒక ప్రతిచేత వుంటుంది. ఒకప్పుడు మన యిండ్లల్లో అగ్గిపెట్టెలు అంటిస్తూ ఏండ్ల తరబడి వంగి కూర్చున్న ఆడవాళ్ళకూ, విరుదునగరం మండీలలో తలవంచుకుని చిట్టా వ్రాసిన గుమాస్తాలకూ ఇంతకంటె దగ్గరి మాట వుంటుందా? వ్యాధి వున్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టడం మంచిదని వేరే చెప్పనవసరం లేదు.

మా బంధువులలో ఒక పెద్దావిడ వాకిట్లో జారిపడిన తరువాత భయంతో ఆరు నెలలు మంచం విడువలేదు. కుర్చీలో కూర్చుని చేతులెత్తడం మొదటి నెలలో మూడు సార్లతో మొదలుపెట్టింది. ఆవిడ పరుగు పందెంలో గెలిచిందని చెప్పను. కాని అటకమీది డబ్బా తనంతట తాను అందుకున్న రోజున, కోడలిని పిలిచి మరీ చూపించింది.

ఆచార్యులవారి కుమారులు దేశికాచారి యింజనీరింగు చదివినవారు. తండ్రి విద్యమీద మొదట ఆసక్తి లేదు. 1961లో ఒకనాడు ఇంటి ముందు కారు ఆగింది. ఒక విదేశ వనిత దిగి, పరుగున వచ్చి, పిలకా నామాలతో వున్న ఆ వృద్ధ బ్రాహ్మణుని కౌగిలించుకుంది. వీధిలోవారు నిర్ఘాంతపోయారు. ఆమె వెళ్ళిన తరువాత కుమారుడు ఇదేమిటని అడిగితే, ఎన్నో ఏండ్లుగా నిద్రపట్టని ఆమె గడచిన రాత్రి మందు లేకుండా నిద్రపోయిందని తండ్రి చెప్పారు. తండ్రికి ఇంగ్లీషు అంతగా రాదు, ఆమెకు మన భాషలు రావు. భాష లేకుండానే ఆమెకు ఏది తగునో కనిపెట్టిన ఆ శక్తి ఏమిటో తెలుసుకోవాలని దేశికాచారి ఉద్యోగం ఆలోచన విడిచి శిష్యులైనారు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు డెబ్బైయవ పడిలో ఈ దేశికాచారిగారి వద్దనే, తన వయస్సుకు తగినట్లు, ఆసనాలను కొత్తగా నేర్చుకున్నారు. 1976లో దేశికాచారి తండ్రిగారి పేరిట మద్రాసులో కృష్ణమాచార్య యోగమందిరం స్థాపించారు. మానసికంగా ఎదగని పిల్లలకు కూడా అక్కడ పాఠాలు చెప్పారు.

ఆచార్యులవారు నిష్ఠగల శ్రీవైష్ణవులు. తన వంట తాను చేసుకునేంత ఆచారం. అయినా శిష్యులకు తన దైవాన్ని రుద్దలేదు. కళ్ళు మూసుకుని భగవంతుని తలచుకోమనేవారు. భగవంతునియందు నమ్మకం లేకపోతే సూర్యుణ్ణి, అదీ కాకపోతే తల్లిదండ్రులను తలచుకోమనేవారు. దేహానికి తగినట్లు ఆసనాన్ని మార్చినవారు మనస్సుకు తగినట్లు ధ్యానాన్ని మార్చడంలో వింత లేదు. వేదపఠనం ఆడవారికి నేర్పడంలోనూ ఆయన వెనుదీయలేదు.

తొంభైయారేండ్ల వయస్సులో ఆయన పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. వైద్యులు ఆపరేషను చేయాలన్నారు, ఆయన ఒప్పుకోలేదు. ఈ విషయంలో ఆయనను అనుసరించమని నేను ఎవరికీ చెప్పను. నేడు తుంటి విరిగిన పెద్దలు శస్త్రచికిత్సతో త్వరగా లేచి నడుస్తున్నారు. కాని ఆ తరువాత ఆయన చేసినది మాత్రం చెప్పుకోవాలి. కార్లను నిలిపిన ఆ మనిషి మంచంమీదనే చేయదగిన వ్యాయామక్రమం ఒకటి తనకోసం తానే కూర్చుకున్నారు. జీవితమంతా ఇతరుల దేహాలను చూచి పాఠం వ్రాసినవారు, ఇప్పుడు తన విరిగిన దేహాన్ని చూచి పాఠం వ్రాసుకున్నారు. కదిలే భాగాలను కదిలించారు, వూపిరిని పట్టారు, కంఠాన్ని విడిచిపెట్టలేదు.

1988లో శిష్యులు ఆయన శతజయంతి జరిపారు. అప్పటికీ ఆయన జ్ఞాపకశక్తి తరగలేదు. శ్లోకం తప్పు చదివితే పడకమీదనుంచే దిద్దేవారు. 1989 ఫిబ్రవరి 28వ తేదీన మద్రాసులో కన్నుమూశారు. మోకాళ్ళపై తల ఆనించలేనివారికోసం ఆయన కూర్చిన పాఠాలు నేటికీ ఆ మందిరంలో, ఒక మనిషి ఎదుట ఒక గురువు కూర్చుని, చెబుతూనే వున్నారు.